డ్రైవరుకు చెప్పాల్సిన మాట

"కౌన్సిల్ ఆఫీసుకి ఒకటి."

బెవర్లీ అద్దం ముందు నిలబడి ఆ మాటే మళ్లీ చెప్పుకుంది. కోటు గుండీలు గొంతుదాకా పెట్టుకుంది. రొద వినబడకుండా చెవులకు పెట్టుకునే నీలం డిప్పల్ని మెడకు తగిలించుకుంది. స్కూలు వంటశాలలో పళ్లేలు కడిగి కడిగి ఎర్రబారిన చేతులు జేబుల్లో పిడికిళ్లు బిగించుకుని ఉన్నాయి. యాభైకి దగ్గరపడ్డ మనిషి. ఆమెకున్నది ఆటిజమని డాక్టర్లు తేల్చింది మొన్నమొన్ననే. అందాకా వీధి వీధంతా పొగరుబోతు అనుకుంది.

పొగరేమీ కాదు. కొన్ని రోజుల్లో మాట గొంతుదాకా వచ్చి అక్కడే కూలబడుతుంది. అలాంటి రోజున బస్సెక్కితే డ్రైవరు ఎక్కడికని అడుగుతాడు, ఆమె నోరు పెగలదు. అందుకే కింది వాటాలో ఉండే నార్మన్ ఇన్నేళ్లుగా ఆమె వెంట బస్సెక్కుతున్నాడు. మెడలో నాడాకు, తొడుగులో వేలాడే ముసలివాళ్ల ఉచిత బస్సు పాసును యంత్రానికి తాకించి, "ఈ అమ్మాయికి స్కూలుదాకా ఇవ్వు నాయనా" అంటాడు. తర్వాత వెళ్లి ఆమెకు దూరంగా వెనక వరుసలో కూర్చుంటాడు. పక్కన మనిషి ఉంటే ఆమెకు ఊపిరాడదని ఆయనకు తెలుసు.

చలి మొదలైనప్పటి నుంచి నార్మన్ ఛాతీ పిల్లికూతలు పెడుతోంది. వికలాంగుల పాసు వస్తే ఆమె ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు, తాకించి ఎక్కెయ్యొచ్చు. రాకపోతే, నార్మన్ లేని రోజున ఆ స్కూలు ఉద్యోగమూ ఉండదు. ఆ పాసు ఇవ్వాలో వద్దో తేల్చడానికే కౌన్సిల్ వాళ్లు ఇవాళ రమ్మన్నారు.

మెట్లు దిగేసరికి ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"నేను రాలేనే బెవ్. ఇవాళ గాలి చాలట్లేదు నాకు."

"అయితే నేనూ వెళ్లను."

"వెళ్లు. వాళ్లు ఇంకోసారి పిలిచేసరికి నేనుంటానో లేదో. బాగానే ఉన్నానని మాత్రం చెప్పి చావకు. బాగోని రోజు సంగతి చెప్పు. టీ పెట్టి ఉంచుతాలే."

ఆ పొద్దున మాట వచ్చింది. డ్రైవరు టికెట్టిచ్చాడు. పిచ్చిది, ఎంత మురిసిపోయిందో. ఆ మాట రావడమే కొంప ముంచింది.

ఆఫీసులో తలమీద ట్యూబులైటు గుయ్యిమంటోంది. ఎదుట కూర్చున్న పాసుల అధికారి నస్రీన్ చిన్న వయసుది, మెత్తగానే మాట్లాడింది.

"ఒక్కరే వచ్చారా?"

"వచ్చాను."

"టికెట్టు మీరే అడిగారా?"

"అడిగాను."

"ఇబ్బందేం కాలేదుగా?"

"కాలేదు."

అడిగింది ఇవాళ్టి సంగతి. ఇవాళ్టి సంగతే చెప్పింది. కల్పించి చెప్పడం ఆమెకు పుట్టుకతోనే లేదు.

"సొంతంగా ప్రయాణం చేయగలరని రాస్తున్నానండీ. అప్పుడిక పాసు కష్టమే."

బెవర్లీ నోరు తెరిచింది. చెప్పాల్సిందంతా లోపలే ఉంది. లైటు గుయ్యిమంటోంది. పక్కగదిలో ప్రింటరు గరగరలాడుతోంది. మాట కూలబడింది. నస్రీన్ కాసేపు ఎదురుచూసి, గడియారం చూసి, కలం మూసింది.

బయట వాన. బస్సొచ్చింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు డ్రైవరు.

బెవర్లీ పెదాలు కదిలాయి.

"చెప్తేనే కదా టికెట్టు. నాలుక ఇంట్లో పెట్టొచ్చావా?"

"తొందరగా తేల్చండమ్మా, తడిసి చస్తున్నాం" అన్నారెవరో వెనకనుంచి.

బెవర్లీ దిగిపోయింది. బస్సు కదిలిపోయింది. భోజనం వేళకి బయటికొచ్చి స్టాపు కప్పు కింద సాండ్‌విచ్ తింటున్న నస్రీన్ తినడం మానేసి ఆమెనే చూస్తోంది.

"లోపల మీరు చెప్పబోయింది ఇదేనా?"

బెవర్లీ తలూపింది.

"తప్పు రాశానండీ. ఇప్పుడే వెళ్లి మారుస్తాను. నేను కళ్లారా చూశానని రాస్తే ఇక ఎవరూ కాదనరు. పాసు ఇంటికే వస్తుంది."

మరో డ్రైవరు ముందు నోరు తెరిచే ఓపిక బెవర్లీకి లేదు. ఇంటికి వెళ్లే గుట్ట దారంతా వానలో నడిచింది. నడవగా నడవగా గొంతు వదులైంది. పాసు వస్తుంది, పాసు వస్తుంది అని నార్మన్‌కు చెప్పాల్సిన మాటను దారి పొడుగునా చెప్పుకుంటూనే ఉంది.

నార్మన్ వాటా తలుపు బార్లా తెరిచి ఉంది. ఆయన అన్న కూతురు జిలియన్ దుప్పటి మడత పెడుతోంది.

"ఇందాకే పోయాడమ్మా, ఆ కుర్చీలోనే. ఇప్పుడే తీసుకెళ్లారు. బస్సు చప్పుడైనప్పుడల్లా నువ్వేనేమోనని కిటికీలోంచి తొంగిచూశాడు."

ఆ బస్సు ఎక్కగలిగి ఉంటే ఆయన్ను చూసేది. అది బెవర్లీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కుర్చీ ముందు నిలబడి, "పాసు వస్తుంది నార్మన్" అంది. మాట తడబడకుండా వచ్చింది.

"అది నీకిమ్మన్నాడు" అంటూ జిలియన్ బల్ల వైపు చూపించింది.

సాసరు మూత పెట్టిన టీ కప్పు పక్కన ఆయన పాసు తొడుగు ఉంది. కార్డు తీసేసి, శుభ్రంగా తుడిచి పెట్టాడు. ఆయన మెడకు రాసుకుని నున్నబడ్డ దాని నాడాకు, పొట్టి మనిషైన బెవర్లీకి సరిపోయేలా, కొత్తగా ఒక ముడి వేసి ఉంది.