మాటలు దిగే వేళ

కొత్తపేట బస్టాండు ఎదురుగా నాగసతీష్ ఎస్టీడీ బూత్ పెట్టింది తొంభై ఏడులో. పొద్దున్నే తలుపు తీసి, అగరొత్తి వెలిగించి, గోడకున్న నల్లబల్ల తుడిచేవాడు. పైనున్న లెక్క మాత్రం చెరిపేవాడు కాదు. బొంబాయి నుంచి కువైట్ రెండు వేల ఏడు వందల యాభై కిలోమీటర్లు. పోవడానికి నాలుగు గంటలు. రావడానికి మూడున్నరే, గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి.

ఆ బూత్‌లో మాటలక్కూడా విమానానికి పట్టినంత సేపూ పట్టేది. అక్కడ ఎవరైనా మాట్లాడితే ఇక్కడ ఫోను ఒకసారి మోగి, పేరు మాత్రం వినపడేది. సతీష్ ఆ పేరు, బయల్దేరిన టైము, దిగే టైము బల్ల మీద రాసేవాడు. ఇంటివాళ్ళు ఆ వేళకి భోంచేసి వచ్చి కూర్చునేవారు. రెండోసారి మోగినప్పుడు ఎత్తకపోతే ఆ మాటలు పోయినట్టే. ఎత్తినా వినపడేది ఒక్కసారే. ఒకరి మాటలు ఇంకొకరు ఎత్తకూడదు.

ఆ సోమవారం పదకొండూ నలభైకి మరియమ్మ పేరు వచ్చింది. మూడేళ్ళుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. అదే ఇంటికి చెల్లెలు రూతమ్మ కూడా ఆ మధ్యాహ్నమే బయల్దేరుతోంది. కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే వాళ్ళ నాన్న సాలమోను ట్రంకుపెట్టెతో బయటే కూర్చున్నాడు.

పొద్దుట్నుంచీ కువైట్‌కి పోయే మాటలే రాస్తున్న సతీష్ చెయ్యి, అలవాటుగా నాలుగు గంటలు కలిపేసింది. మూడూ నలభై.

"రాజమండ్రి బస్సు మూడున్నరకండీ," అంది రూతమ్మ.

"బాగానే ఉన్నానంటదంతే. నేను వింటాలే," అన్నాడు సాలమోను. "నువ్వెళ్ళి చెప్పించుకుందువు గాని."

"నాలుగు రోజుల్లో నేనే దాని ముందుంటాను. చెప్పక చస్తదా."

మూడూ పదికి ఫోను మోగింది. సతీష్ బల్ల వంక చూశాడు. అరగంట తప్పు. తండ్రీకూతుళ్ళు అప్పటికే బస్సు దగ్గరున్నారు. పిలిచేలోగా ఆగిపోతుందని తనే ఎత్తేడు.

బస్సు బోర్డు మార్చుకుంటుండగా పరిగెత్తేడు.

"మీ అక్కగారి మాటలు నేను విన్నానండీ. తప్పే."

రూతమ్మ ముఖం ముడుచుకుంది. "ఎందుకెత్తేరు?"

అతను విన్నది విన్నట్టే అప్పజెప్పాడు. "బుజ్జీ, నువ్వు రాకు. ఇన్నాళ్ళూ బాగున్నానన్నది ఈ ఇంటావిడ పక్కన నించుంటే అన్నది. ఇవాళ ఫోనుకి తాళం వెయ్యడం మర్చిపోయింది. ఒళ్ళంతా వాతలే. మనింట్లో మంచం కింద దాచుకున్న నా గులాబీ ఓణీ నువ్వే కట్టేసుకో. ఈ సంగతి నాన్నకి చెప్పకు."

సాలమోను అక్కడే నించున్నాడు. ఆ ఆఖరి ముక్క అనేశాక గాని సతీష్ అతన్ని చూడలేదు.

"ఓణీ సంగతి మా ఇద్దరికే తెలుసు," అంది రూతమ్మ.

సాలమోను బస్సెక్కి ట్రంకుపెట్టె దింపేడు. అంత ఎత్తు చెట్లెక్కే మనిషి, దిగేటప్పుడు రాడ్డు పట్టుకుని చాలాసేపు మెట్టు మీదే ఉండిపోయాడు.

నాలుగింటికి రూతమ్మ బూత్‌లో నించుని, "నేను రావట్లేదక్కా, నువ్వే వచ్చేయ్," అంది. జవాబుకి ఏడున్నర గంటలు చాలు.

పదకొండు రోజులైంది. రూతమ్మ రోజూ వచ్చి కూర్చుంటోంది.

"ఏమైనా వచ్చిందాండీ?"

"ఇంకా లేదండీ."

సతీష్ పొద్దున్నే బల్ల తుడుస్తాడు. మరియమ్మ పేరున్న వరస వరకూ వచ్చి, దాని చుట్టూ తుడుస్తాడు.