కండెల దగ్గర కామెంటరీ

క్రికెట్ ఛానళ్లు తీయించేసింది నేనే. గ్యాస్ ధర చూస్తే అలా ఉంది, నూలు ధర అడగనే అక్కర్లేదు, మా ఆయన దుర్గాశంకర్ నేసిన చీరలకు విజయవాడ వన్ టౌన్ కొట్లవాళ్లు డబ్బులిచ్చేది వాళ్లకు తోచినప్పుడు. ఇందులో మళ్లీ నెలనెలా కేబుల్ బిల్లుకు తోడు స్పోర్ట్స్ ప్యాక్ అంటే నాకు ఒళ్లు మండింది. ఆడేది వాళ్లు, కోట్లు వాళ్లవి, పెడనలో మగ్గం నేసుకునే మాకెందుకండీ ఈ సోకు?

మా ఇంట్లో మ్యాచ్ చూసేది మా అత్తగారు సుబ్బరత్నం ఒక్కరే. సాయంత్రం టీవీ ముందు రాట్నం వేసుకుని, చూస్తూనే మగ్గానికి నూలు కండెలు చుడతారు. మామగారు ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి చూసేవాళ్లు. ప్యాక్ తీయించానని చెబితే ఆవిడ ఒక్క మాటా అనలేదు. సీరియల్ పెడితే వద్దన్నారు. తిట్టినా బాగుండేది.

ఆ వారమే చీర చెంగుకు చుట్టాల్సిన ఎర్ర నూలు బదులు మెరూన్ నూలు చుట్టేశారు. మా ఆయన చూసుకోకుండా జానెడు నేసేసి, మళ్లీ పోగుపోగూ ఊడదీయాల్సి వచ్చింది. నేను కాపురానికొచ్చాక ఆవిడ రంగు తప్పడం ఎప్పుడూ చూడలేదు. ఉండబట్టలేక అడిగేశాను.

"మ్యాచ్ లేకపోతే మీకు చెయ్యాడదా అత్తయ్యా?"

ఆవిడ తలెత్తలేదు. "ఎవరు గెలిస్తే నాకేంటే. మీ మావయ్య పోయాక సాయంత్రాలు నాకు వినపడేది ఆ కామెంటరీ వాళ్ల మాటలేగా. మీకు మగ్గం దగ్గర పనాయె."

పొద్దస్తమానం ఆవిడ పక్కనే తిరుగుతున్నా నాకీ సంగతే తట్టలేదు.

అలాగని డబ్బులు ఊడిపడవుగా. పక్కింటి రాజ్యలక్ష్మిని, ఎదురింటి కనకదుర్గను అడిగాను. ప్యాక్ ఖర్చు మూడిళ్లకూ పంచుకుందాం, చూసేది మా ఇంట్లో, ఎవరి రాట్నం వాళ్లు తెచ్చుకోండి అన్నాను. టీ మాత్రం నువ్వే ఇవ్వాలని రాజ్యలక్ష్మి మెలిక పెట్టింది. సరే, ఏడ్చావులే అన్నాను.

మొదటి మ్యాచ్‌కి మా వసారాలో మూడు రాట్నాలు తిరిగాయి. రాజ్యలక్ష్మి తన వియ్యపురాలి గొప్పలు ఏకరువు పెడుతోంది. కనకదుర్గ పడీపడీ నవ్వుతోంది. టీవీలో ఆఖరి ఓవర్, కామెంటరీ వాళ్లు గొంతులు చించుకుంటున్నారు. మా అత్తగారు రాట్నం ఆపి నా వైపు తిరిగారు.

"ఆ సౌండ్ కాస్త తగ్గించవే నాగవేణీ. రాజ్యలక్ష్మి చెప్పేది వినపడట్లా."