బి షిఫ్టుకి ముందు టీ

మా బావ పేరు సన్యాసిరాజు. పేరు అలా ఉన్నా నాతో పెళ్లికి ఏ అభ్యంతరమూ చెప్పలేదు. మేనత్త కొడుకే కాబట్టి అతని సంగతులన్నీ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. వాటిలో ముఖ్యమైనది, జరగని మాట అతని నోట రాదు. మంచివాడని కాదు. నోరు తిరగదు, అంతే.

పెళ్లయిన కొత్తలోనే విశాఖ పోర్టు దగ్గర ఒక కంటైనర్ల యార్డులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. పద్మనాభం పొలాల్లో ట్రాక్టర్ నడిపిన చేతికి అది పెద్ద లెక్క కాదు. లైసెన్సు కూడా ఉంది. చిక్కల్లా అక్కడి ఆఫీసరుకు తెలుగు రాకపోవడం. ఉద్యోగం రాకపోతే బావ చెన్నైలో వాళ్ల బాబాయి దగ్గరికి పనికి వెళ్లాలి. అక్కడ ఒక రేకుల షెడ్డులో మగాళ్లందరూ వరసగా పడుకుంటారు. భార్య ఎక్కడ ఉండాలో ఎవరూ ఆలోచించలేదు. నేను ఆలోచించాను. బీకాం చదివాను కాబట్టి ఇంగ్లీషు నేర్పే బాధ్యత నాదని ప్రకటించాను.

మద్దిలపాలెంలో కోచింగ్ సెంటర్ వాళ్లు అమ్మే జిరాక్సు కాగితాలు బావ కొనుక్కొచ్చాడు. రోజూ ఏం చేస్తావు, ఏది ఇష్టం, ఏది ఇష్టం లేదు, ఇవి తప్పకుండా అడుగుతారట. నేను చదువుతాను, బావ తిరిగి చెప్పాలి.

"ఐ గెటప్ ఎట్ ఫైవ్. ఐ గో జాగింగ్."

"ఐ గెటప్ ఎట్ ఫైవ్," అని ఆగిపోయాడు.

"మిగతాది?"

"నాను జాగింగు ఎల్లను కదే."

"ఇంటర్వ్యూకి బావా! అందరూ ఇదే చెప్తారు."

"జరగని మాట తెలుగులోనే రాదు నాకు. ఇంగ్లీషులో ఏటొస్తాది?"

మర్నాడు పొద్దున్నే పెళ్లికి కొన్న బూట్లు వేసుకుని పరుగు మొదలుపెట్టాడు. పక్కింటి అర్జునరావు బండి మీద పక్కనే వచ్చాడట.

"ఏటి బావా, ఎవులు తరుముతన్నారు?"

"ఎవులూ నేదు. ఇంటర్వ్యూ."

అర్జునరావు స్కూలు దాకా పక్కనే వచ్చి, "ఇంట్లో తగువైతే సెప్పు బావా, మా ఇంట్లో ఇడ్లీ ఉంది," అన్నాడట. బావ ఇంటికొచ్చి, చెంబుడు నీళ్లు తాగి, జాగింగు వాక్యం ఒక్క తప్పు లేకుండా చెప్పాడు.

ఆ తర్వాత పేపరు చదవడం. ఆ తర్వాత కూరగాయలంటే ఇష్టమనే వాక్యం. దానికోసం కాకరకాయ తిన్నాడు. మొదటిరోజు కళ్లు మూసుకుని, తర్వాత తెరిచి, చివరికి మారు వడ్డించుకుని. మా అత్త కాశమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"పుట్టినకాడ్నించి ముట్టని కాకరకాయ తింటన్నాడు. ఏటి పెట్టేవే పిల్లా?"

"ఇంగ్లీషు అత్తా."

వాక్యం చెప్పాలంటే పని చేసి తీరాలి. ఈ సంగతి నాకు కాస్త ఆలస్యంగా తట్టింది. తట్టాక ఊరుకోలేకపోయాను.

"ఐ మేక్ టీ ఫర్ మై వైఫ్ ఎట్ సిక్స్," అని చదివాను, కాగితం మీంచి కళ్లెత్తకుండా.

బావ కాగితాన్ని చూశాడు. నన్ను చూశాడు.

"ఇది కూడా అడుగుతారేటి?"

"తప్పకుండా."

మర్నాడు ఆరింటికి టీ వచ్చింది. స్టీలు గ్లాసు నిండా పోసి, తొణక్కుండా అడుగులో అడుగు వేసుకుంటూ తెచ్చాడు. అల్లం ఎక్కువైంది, పంచదార మరిచిపోయాడు. దుప్పటి కప్పుకుని మొత్తం తాగాను. ఆ పూట విశాఖ జిల్లాలో నాకంటే సుఖంగా ఉన్నవాళ్లు లేరని నా అంచనా. మర్నాడు పంచదార కూడా పడింది.

ఇంటర్వ్యూకి నేనూ వెళ్లాను. ఆఫీసు గది బయట కుర్చీలో కూర్చున్నాను. కిటికీకి ఒక అద్దం లేదు కాబట్టి అన్నీ వినపడుతున్నాయి. ముందు వెళ్లినవాళ్లందరూ జాగింగు చేసేవాళ్లే. ఏ షిఫ్టు కావాలంటే అందరూ "ఎనీ షిఫ్ట్ సర్" అన్నారు.

బావ వంతు వచ్చింది. పరుగుతో మొదలుపెట్టి, పేపరు, కాకరకాయ దాటి, టీ దగ్గరికి వచ్చి ఆగాడు.

"గుడ్," అన్నాడు ఆఫీసరు. "ఎ షిఫ్ట్. సిక్స్ ఎ.ఎం. ఓకే?"

నాకు చెన్నై షెడ్డు కనపడింది. ఓకే అను బావా, ఒక్క మాట, చంటిపిల్లలు కూడా అంటారు అని కుర్చీ చేతులు పట్టుకున్నాను. లోపల ‘ఓ... ఓ...’ అని రెండుసార్లు వినపడింది. బావ ప్రయత్నిస్తున్నాడని నాకు తెలుసు.

"నో సర్."

"వై?"

"ఎట్ సిక్స్ ఐ మేక్ టీ."

"ఎవ్రీ డే?"

"ఎవ్రీ డే సర్. సండే ఆల్సో."

"దెన్ విచ్ షిఫ్ట్ డు యు ప్రిఫర్?"

"ఐ ప్రిఫర్ బి షిఫ్ట్ సర్."

బి షిఫ్టు అంటే మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది. పెళ్లిళ్లు, సినిమాలు, కూరలు వేడిగా ఉండే సమయం అన్నీ అందులో పోతాయి.

"నోబడీ ప్రిఫర్స్ బి షిఫ్ట్," అన్నాడు ఆఫీసరు నెమ్మదిగా. తర్వాత పక్కనున్న మనిషితో, బి షిఫ్టుకి ఇతని పేరు రాసుకోమన్నాడు.

గేటు దాటేదాకా ఓపిక పట్టి అప్పుడు అరిచాను. "టీ కోసం ఉద్యోగం పోగొట్టుకునేవాడివి కదా? అసలు ఆ వాక్యం కాగితంలోనే లేదు! నేనే కలిపాను!"

"తెలుసు. ఆ కాగితం నాను సదివేను."

"మరెందుకు చేశావు?"

"నువ్వు అడిగేవు కదా అని సేసేను. సేసేను కాబట్టి సెప్పేను." బండి స్టార్టు చేశాడు. "ఇంక రోజూ రాత్రి నానొచ్చేసరికి పదకొండు దాటతాది. నువ్వు ముందే తినీయ్ బిందూ."

"ఐ లైక్ లేట్ డిన్నర్," అన్నాను వెనక కూర్చుంటూ.

అది అబద్ధం. నా నోటికి అలాంటి ఇబ్బంది ఎప్పుడూ లేదు. కానీ ఇప్పుడు అత్త పెందలాడే కంచం పెడితే ఆకలి లేదంటున్నాను. నిజంగానే ఉండటం లేదు.