తుఫాను మర్నాటి నీళ్లు

తడిసి బరువెక్కిన పరుపును పద్మిని డాబా మీదికి ఈడ్చుకొస్తూండగా ఫోను మోగింది.

"దీదీ, హార్బర్ నుంచి పర్మిషన్ వచ్చీసింది. ఎనిమిదికి బోటు తీస్తన్నాను. సాబ్‌కి బుఖార్ అంట, ఒళ్లు కాలిపోతందంట. నీళ్లు పట్టడానికి ఎవరొస్తన్నారు?" అన్నాడు బోటు నడిపే నాగబాబు.

"చెబుతాను భయ్యా."

తుఫాను రాత్రే దీవుల ఉత్తర కొసనున్న డిగ్లీపూర్ వైపు దాటిపోయింది. డైరీ ఫార్మ్ అనే పేటలోని ఆ ఇంట్లో చీలమండల లోతు బురదనూ, మూడు తడి పరుపులనూ వదిలిపోయింది. సముద్ర పరిశోధనశాలలో పద్మిని తొమ్మిదేళ్లుగా సహాయకురాలు. ఇతరులు పట్టి తెచ్చిన సముద్రపు నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత కరిగి ఉందో కొలిచి, పట్టికలో అంకె వేయడం ఆమె పని. పెనుగాలి సముద్రాన్ని చిలికినప్పుడు లోతున అణగి ఉన్న ఆ వాయువు పైకి తేలి గాలిలో కలుస్తుంది. దానితోపాటే పైకొచ్చిన పోషకాలతో కంటికి కనిపించని నాచు పెరిగి, కొంత వాయువును తిరిగి పీల్చుకుంటుంది. వదిలినదెంత, పీల్చినదెంత అన్నది తుఫాను వెళ్లిన వెంటనే పట్టిన నీళ్లే చెప్పాలి. ఆ రోజుల గడులే తొమ్మిదేళ్లుగా ఖాళీ. పక్కన ఒకటే మాట: "సిబ్బంది అందుబాటులో లేరు." పరిశోధనశాల పెద్ద అయిన సాబ్ చెప్పగా రాసినది ఆమే, వెళ్లలేకపోయిన ఆ సిబ్బందీ ఆమే. ఆ రోజుల్లో ఆమె ఒకసారి బురద ఎత్తుతూ ఉంది, ఒకసారి కొట్టుకుపోయిన ఇల్లు విడిచి వచ్చిన ఆడపడుచు కుటుంబానికి వండిపెడుతూ ఉంది. అందరికీ అందుబాటులోనే ఉంది.

భర్త గణేశ్వరరావు మెట్లెక్కి వచ్చాడు. సంగతి విని, "సముద్రం ఎక్కడికి పోతుంది పద్మినీ? వచ్చే వారం పట్టుకోవచ్చుగా. ముందు కాస్త చాయ్ ఇయ్యి" అన్నాడు మృదువుగా. కిందటి తుఫానుకూ ఇంతే మృదువుగా అన్నాడు. గట్టిగా అని ఉంటే ఆమె ఎప్పుడో ఎదురు చెప్పి ఉండేది.

"వచ్చే వారానికి ఆ నీళ్లుంటాయేట్రా?" అంది వెనకనుంచి అత్త సింహాచలమ్మ. ఆమె చేపల వేటకు వెళ్లేవాళ్ల ఇంటి ఆడపడుచు. "గాలి ఎల్లిన మర్నాడు నీళ్ల రంగు వేరు, మూడోనాటికి వేరు. మా అయ్య రంగు చూసే వల ఏసేవోడు. పరుపులే ఎక్కడికీ పోవు. ఆ కొస నువ్వట్టుకో. అమ్మీ, నువ్వెల్లు."

పద్మిని చేతి బురద కడుక్కుని, తనే వస్తున్నానని నాగబాబుకు ఫోను చేసింది.

బోటు రేవు దాటాక సముద్రం ఇంకా మట్టిరంగులోనే ఊగుతోంది. ఆమె సీసాను అంచు పొంగి పొర్లేదాకా నింపి మూత బిగించింది. తలకిందులు చేసి చూస్తే, మినపగింజంత బుడగ. ఒక్క బుడగ మిగిలినా పైగాలి కలిసి కొలత చెడిపోతుంది. తొమ్మిదేళ్లుగా ఇతరుల సీసాల్లో బుడగలు వెతికిన కళ్లు ఇప్పుడు తన తప్పునే పట్టుకున్నందుకు ఆమెకు నవ్వు వచ్చింది. నీళ్లు పారబోసి మళ్లీ ముంచింది.

అప్పుడే ఇంటి నుంచి ఫోను.

"అల్లం ఎక్కడ పెట్టావు?"

"అత్తయ్యని అడగండి. ఇవాళ నేను అందుబాటులో లేను."

"రేపో?" అన్నాడు గణేశ్వరరావు, మునుపటి మృదుత్వంతోనే.

"రేపూ, ఎల్లుండీ నీళ్లు పట్టాలండీ" అంది పద్మిని, అంతే మృదువుగా. రెండో సీసాను తలకిందులు చేసి వెలుగుకు ఎత్తి పట్టింది. బుడగ లేదు.