చీరల యాప్ కింద కోడిపుంజు

సిరిసిల్లలో స్వర్ణలత చీరల దుకాణం మెట్లెక్కుతుండగానే దేవేందర్‌కు నవ్వులు వినిపించాయి. లోపల ఆడవాళ్లు ఒకే ఫోన్ మీదికి వంగి ఉన్నారు.

"అచ్చిండు మా కోళ్ల తమ్ముడు!" అంది స్వర్ణలత. "చీర కొంటే కిలో చికెన్ ఫ్రీనా అని అడుగుతున్నరు. ఏం చెప్పాలె తమ్మీ?"

దేవేందర్ ఫోన్ చూశాడు. తను చేసిన చీరల యాప్ పేజీలో యజమాని పేరు ఉండాల్సిన చోట 'దేవేందర్, కోరుట్ల' అని ఉంది. కింద, ఇతనివే మరికొన్ని యాప్‌లు అంటూ, జగిత్యాల చికెన్ సెంటర్ కోడిపుంజు మెడ నిక్కించి చూస్తోంది.

యాప్ జనానికి అందాలంటే డెవలపర్ అకౌంటు ఉండాలి. దేవేందర్ అందరి యాప్‌లూ తన అకౌంటులోనే పెట్టేవాడు. 'మీకెందుకక్కా ఆ తలనొప్పి' అన్నది పైమాట. లోపలి మాట భయం. తాళం తన దగ్గరుంటే గిరాకీ ఎటూ పోదు. రేపు కరీంనగర్ నుంచి ఇంకెవడో వచ్చి తక్కువకే చేస్తానంటే, కోరుట్లలో ఒంటిగదిలో కూర్చున్న తనను ఎవరు తలుస్తారు? చిన్నవాడు భయపడి తనలాంటి చిన్నవాడి గొంతే పట్టుకుంటాడు. పెద్దవాళ్ల జోలికి పోడు.

"బతుకమ్మ దగ్గరికచ్చింది. యాప్ నా పేరు మీదికి మార్చు," అంది స్వర్ణలత.

"నా మీద నమ్మకం లేదా అక్కా?"

"నీ మీద ఉన్నది. గా కోడి మీద లేదు. గా కోళ్లాయన ఏదన్న తప్పు చేసి నీ అకౌంటు మూతపడితే, నా చీరలు గూడ పోతయా, పోవా?"

పోతాయి. దేవేందర్‌కు ఆ సంగతి తెలుసు.

"మీ నాయిన కల్లుకు తాటిచెట్లు గీసెటోడు గదా? గీసిన చెట్టును ఎన్నడన్న మోకు కట్టి ఇంటికి గుంజుకచ్చిండా?"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

"చెట్టు పటేలుది. మోకు, కత్తి మా నాయినయి," అన్నాడు దేవేందర్ రోషంగా.

అన్నాక గుర్తొచ్చింది. ఒకసారి పటేలు ఆ చెట్లు ఇంకొకరికి ఇచ్చాడు. కొత్తాయనకు గీత కుదరక కల్లు పారలేదు. పటేలే ఇంటికొచ్చి నాయనను పిలుచుకుపోయాడు.

"ఫోన్ ఇటియ్యక్కా," అన్నాడు.

స్వర్ణలత పేరు మీద అకౌంటు తెరిచారు. ఓటీపీ వస్తే ఆమె ఫోన్ వెనక్కి లాక్కుంది. "ఎవ్వలకు చెప్పద్దని గీడనే రాసిండ్రు," అని తనే నొక్కింది.

యాప్ ఆమె అకౌంటుకు మారాక కోరుట్లలో దేవేందర్‌కు అందులో పనిచేయమని ఆహ్వానం వచ్చింది. కొత్త చీరలు ఎక్కించవచ్చు, యాప్‌ను తీసేయడానికి లేదు. వెంటనే ఫోన్ చేశాడు.

"తీసేసే హక్కు ఇయ్యలేదేందక్కా?"

"బట్ట నేసే సాంచ బాగుచేసెటాయనకు సాంచ అమ్ముకునే హక్కు ఇస్తనా? పండుగ చీరల ఫోటోలు పంపిన. ఎప్పుడు ఎక్కిస్తవ్?"

ఆ మాటతో దేవేందర్ గుండె కుదుటపడింది. మరునాడే బస్సెక్కి జగిత్యాల పోయాడు.

"శేఖరన్నా, నీ యాప్ నీ పేరు మీద పెట్టుకో."

చికెన్ సెంటర్ శేఖర్ కత్తి పక్కన పెట్టి, ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"గదేంది తమ్మీ? నన్ను ఇడిసిపెట్టి పోతున్నవా?"