ఇద్వల్ దాచుకున్న జవాబు

ఇద్వల్ చనిపోయాక వచ్చిన మొదటి ఆదివారం అది. చాపెల్ అనే ఊరి చిన్న చర్చి వెనకగదిలో జరిగే పెద్దవాళ్ల బైబిలు తరగతికి గుప్పెడు మందే వచ్చారు. పాఠం చెప్పే మిస్ ప్రీస్ ముందే తేల్చి చెప్పేసింది. “మాట్లాడేవాళ్లే లేకపోతే తరగతి ఎందుకండీ? ఈ రోజుతో ముగించేద్దాం.”

ముసలి ఎల్విన్‌కు ఆదివారమంటే స్నేహితుడు ఇద్వల్‌తో పోట్లాటే. వేల్స్ కొండల్లోని పలకరాయి గనిలో పడుచువాళ్లుగా పనిచేసే రోజుల్లో, భోజనాల గుడిసెలో తడి కోట్లు ఆరేసుకుని టీ తాగుతూ మొదలుపెట్టిన వాదన అది. దేవుడు ఒక్కడేనని ఎల్విన్. మరి సృష్టినాడు ‘మనలాంటి మనిషిని చేద్దాం’ అన్నాడే, ఆ ‘మన’లో ఎవరెవరున్నార్రా అని ఇద్వల్. ‘రాజు తన గురించి మేము అనుకుంటే పదిమంది రాజులున్నట్టా?’ అని ఎల్విన్ ఎగిరిపడేవాడు. ‘రాజు మాట వినడానికి జనం ఉంటారు. ఆ రోజు వినడానికి ఎవడున్నాడ్రా, మీ తాతా?’ అనేవాడు ఇద్వల్. గుడిసె గుడిసంతా గొల్లున నవ్వేది. గని మూతబడింది, ఇద్దరి జుట్టూ తెల్లబడింది, వాదన మాత్రం తెగలేదు. ఎంత హాయైన రోజులో అవి.

మిస్ ప్రీస్ ‘నేను తప్ప వేరే దేవుడు లేడు’ అన్న వాక్యం చదివి తలెత్తి చూసింది. అందరూ పేజీల్లోకే చూస్తున్నారు. ఆవిడ నిట్టూర్చి పుస్తకం మూయబోయింది.

“ఆగండమ్మా,” అన్నాడు ఎల్విన్. తర్వాతి మాట ఆయన నోట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. “ఒక్కడే అయితే ‘చేద్దాం’ అని ఎవరితో అన్నట్టు?”

అందరూ ఆయన్ని వింతగా చూశారు. జన్మంతా కొట్టిపారేసిన ఇద్వల్ ప్రశ్నను ఇప్పుడు తనే అడుగుతున్నాడు. జవాబు చెప్పడానికి అవతల ఎవరూ లేరు.

ఇద్వల్ భార్య నెస్టా ఓ మూల టీ కప్పులు సర్దుతోంది. ఏనాడూ ఈ గొడవలో తలదూర్చని మనిషి. ఆమె వెనక్కి తిరిగింది.

“ఒంటరిగా పనిచేసేవాళ్లు కూడా ‘ఇక మొదలెడదాం’ అనే అనుకుంటారు కదయ్యా. వంటింట్లో నేను రోజూ అంటాను. నా పక్కన ఎవరున్నారని?”

ఎల్విన్ నివ్వెరపోయాడు. తన వాదనను నిలబెట్టే ఇంత చక్కటి మాట తనకెప్పుడూ తట్టలేదు.

“ఇది నీకెలా తోచింది, నెస్టా?”

“నాక్కాదు, మా ఆయనకే. మా పెళ్లైన కొత్తలోనే. ఇంట్లో ఎప్పుడూ నీ వైపే మాట్లాడేవారు.”

“మరి నాతో ఒక్కసారైనా అనలేదేం?”

“అంటే నువ్వు గెలిచేస్తావుగా. ‘ఆ తర్వాత వాడూ నేనూ ఏం మాట్లాడుకుంటామే’ అనేవారు.”

ఎల్విన్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. స్నేహితుడి మీద కోపం వచ్చింది, అంతకు పదింతలు ప్రేమ పొంగింది. కళ్లజోడు పెట్టుకుని, ఈసారి ఇద్వల్ పక్షం పట్టాడు.

“ఆ మాటతో సరిపోదు. దేవుడు దేవతల సభలో నిలబడ్డాడని బైబిలు కీర్తనలో ఉందే. సభలో కూడా తనలో తనే మాట్లాడుకున్నాడా?”

మిస్ ప్రీస్ ఆ కీర్తన కోసం పేజీలు తిప్పసాగింది. నెస్టా చేతులు తుడుచుకుని వచ్చి వాళ్ల మధ్య కూర్చుంది.

“దానికి ఆయనకూ జవాబు దొరకలేదు,” అంది. “పోయేదాకా వెతుకుతూనే ఉన్నారు, నీ కోసం.”