బలపం గీత

పొద్దున్నే హోటల్ లాండ్రీలో మొదటి పని దుప్పట్లు మడవడం. ఒక్కరివల్ల అయ్యే పని కాదది. చెరో అంచూ పట్టుకుని, గట్టిగా విదిలించి, వెనక్కి లాగి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. కలిసినప్పుడల్లా రెండు ముఖాలూ దగ్గరికొస్తాయి. అరిచి మాట్లాడితే మేస్త్రి వింటాడు గనక, అక్కడి ఆడవాళ్ళ కబుర్లన్నీ ముక్కలుగానే సాగుతాయి. దగ్గరైనప్పుడు ఒక మాట, దూరం జరిగాక మౌనం, మళ్ళీ దగ్గరైనప్పుడు మిగతా మాట.

బలపానికి జోడీ పెద్దక్క. అక్కడందరిలోకీ వయసులో పెద్దది, నోరు అంతకన్నా పెద్దది.

బలపం అన్నది ఆమె పేరు కాదు, ఆమె కాలి సంగతి. ఇంటిపట్టున ఉండనివాళ్ళని కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నారని దెప్పుతాం కదా, ఈమె విషయంలో అది దెప్పిపొడుపు కాదు, ఉన్నమాట. ఎక్కడ నడిచినా ఎడమ మడమ వెనక తెల్లటి గీత పడుతుంది. చెప్పులేసుకున్నా పడుతుంది. బస్సెక్కితే బస్సు వెంట రోడ్డు మీద పడుతుంది. వాన కడగదు, చీపురు చెరపదు. పనిలో చేరిన రోజు మేస్త్రి నేలవైపు ఓసారి చూసి, ఉతికిన బట్టలు మాత్రం తొక్కొద్దని చెప్పి తన పని తాను చూసుకున్నాడు.

అమ్మానాన్నా పోయాక ఆమెను పెంచింది అన్న. ఊళ్ళో ఆయనంత నెమ్మదస్తుడు లేడు. గొంతు పెంచడు, చెయ్యెత్తడు. చెల్లెలి గీత గడప దాటిందంటే మాత్రం ఆమె కాలిని మంచం కోడుకు కట్టేసేవాడు, మెత్తటి గుడ్డతో, ఒరుసుకోకుండా. నీ మంచికేనమ్మా అనేవాడు. ఆడది నాలుగూళ్ళు చూస్తే కొంపలేం మునగవు. మునుగుతాయని చెప్పి తాళంచెవి బొడ్లో దోపుకునేవాళ్ళు మాత్రం ఎక్కడ చూసినా ఉంటారు, పైగా వాళ్ళకే మంచివాళ్ళని పేరు. ఆ మెత్తటి ముడిని పళ్ళతో విప్పుకుని ఒకనాడు ఆమె వచ్చేసింది.

రేవులో సరుకు పడవ మీద వంట చేసింది. పడవ పోయినంత మేరా నీళ్ళమీద తెల్లగీత తేలింది. సుడిలో చిక్కి పడవ గిరగిరా తిరిగిన రోజు గీత కూడా చుట్టలు చుట్టుకుంటే, చావు భయంలోనూ పడవ నడిపే సరంగు దాన్ని చూసి నవ్వాడు. కొండమీది ఊళ్ళో పళ్ళబుట్టలకు గడ్డి సర్దింది. జంక్షన్లో రైలుపెట్టెలు కడిగింది. ప్రతిచోటా ఎవరో ఒకరు ఇక్కడే ఉండిపోరాదూ అన్నవాళ్ళే. ఆమెకూ ఉండాలనే ఉండేది. కానీ వెనక్కి తిరిగి చూస్తే గీత కనిపించేది. అన్నకు దారి అడగాల్సిన పనే లేదు.

ఆయన ఊరికే రాడు. బకెట్టూ తడిగుడ్డా పట్టుకుని, మోకాళ్ళమీద పాకుతూ, గీతను తుడుచుకుంటూ వస్తాడు. ఇంటిపరువు రోడ్డున పడిందని ఆయన బాధ. వానకు పోని గీత తోడబుట్టినవాడి చేతికి పోతుంది. గీత పోయినచోట జనం ఆమెను మర్చిపోతారు.

ఈ సంగతి ఆమెకు ఫోన్లో తెలిసింది. ఓసారి యోగక్షేమాలకని సరంగుకు చేస్తే, మా పడవలో ఆడమనిషి ఎప్పుడూ పనిచెయ్యలేదే అన్నాడు. కొన్నాళ్ళకు కొండ ఊళ్ళో అద్దెకున్న ఇంటావిడ ఎవరమ్మా నువ్వు అంది. మొన్న జంక్షన్ స్నేహితురాలికి చేసింది. చలికాలమంతా ఒకే కంబళిలో పడుకున్న మనిషి. రాంగ్ నంబరండీ అని పెట్టేసింది.

"వచ్చేస్తున్నాడక్కా," అంది, కొసలు కలిసినప్పుడు.

వెనక్కి జరిగారు. మళ్ళీ దగ్గరయ్యారు.

"ఎవరే, తడిగుడ్డ మీ అన్నా?"

"జంక్షన్ దాటేశాడు. సంచి సర్దుకున్నాను."

"మళ్ళీనా? ఆ సంచికే కాళ్ళుంటే ఈపాటికి నిన్నొదిలి పారిపోయేది."

బలపం నవ్వలేదు. "నువ్వూ నన్ను మర్చిపోతావక్కా."

"మా ఆయన్ని మర్చిపోదామని పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నా, కుదిరి చావడం లేదు. నిన్నేం మర్చిపోతాను?" అని కొస లాక్కుని మడతేసింది పెద్దక్క. తర్వాత గొంతు తగ్గించి, ఈసారి పారిపోతే చివరికి నిన్ను గుర్తుపెట్టుకోడానికి నువ్వొక్కదానివే మిగులుతావే అంది.

బలపం ఉండిపోయింది. ధైర్యం చేసి కాదు. భయానికి కాళ్ళు కదల్లేదు, అంతే. గదినుంచి లాండ్రీకి, లాండ్రీనుంచి కొట్టుకు, కొట్టునుంచి గదికి అదే దారిన నడిచింది, పది అడుగులకోసారి వెనక్కి చూసుకుంటూ. లాండ్రీలో పని చేసేవాళ్ళకు తడిగుడ్డ వాసన ఎక్కడైనా తగులుతుంది. తగిలినప్పుడల్లా ఆమె పని ఆపి గుమ్మంకేసి చూసేది.

సెలవునాడు పొద్దున కిటికీ కింద సర్ సర్ మని చప్పుడు వినిపించింది.

అన్న చిక్కిపోయాడు. పంట్లాం మోకాళ్ళ దగ్గర చిరిగిపోయింది. బస్టాండునుంచి వీధి మలుపుదాకా ఆయన వెనక నేల శుభ్రంగా ఉంది. మలుపు తిరిగాక మాత్రం గుడ్డ ఆగిపోయింది. అక్కడినుంచి ఆమె రోజూ నడిచే దారి. వచ్చిన గీతమీదే పోయిన గీత, నిన్నటిమీద ఇవాళ్టిది పడి పడి, గట్టిపడి, గడప ఎత్తున లేచింది. ఒకామె దానిమీద బుట్ట దించుకుని పాదాలు ఒత్తుకుంటోంది. ఆయన తుడిచాడు. నీళ్ళు తెల్లబడ్డాయి, గీత తరగలేదు. గోళ్ళతో గీకాడు. తోపుడుబండివాడొకడు కాస్త పక్కకు జరగండి బాబూ అని చెప్పి, బండిని ఎత్తి గీత దాటించుకుపోయాడు. అయినా ఆయన ఆగలేదు. గీకుతూ, పాకుతూ మెట్లెక్కి వస్తున్నాడు.

లోపల ఆమె తలుపుకు గొలుసు తగిలించి పెద్దక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, నేనెవర్ని?"

"దుప్పటి అంచు సరిగ్గా పట్టుకోవడం ఇప్పటికీ రానిదానివి. సెలవునాడన్నా పడుకోనివ్వవా?"

ఫోన్ పెట్టేసి గోడకానుకుని కూర్చుంది. బయట చప్పుడు ఆగింది. తలుపు తడతాడని చూసింది. తట్టలేదు. చాలాసేపటికి, తలుపు ఒక్క బెత్తెడు తీసి చూసింది.

ఆయన పైమెట్టు మీద కూర్చుని ఉన్నాడు. బకెట్టు ఒరిగిపోయి సున్నంలాంటి నీళ్ళు మెట్లవెంట కారుతున్నాయి. చేతిలో ఫోన్. దానివైపే చూస్తూ చెప్పాడు. చెల్లెలు దొరికిందని చెబుదామని ఇంటికి చేస్తే, ఎవరండీ మీరు అని అడిగిందట భార్య. మళ్ళీ చేస్తే కొడుకు ఎత్తి, మా ఇంట్లో అలాంటివాళ్ళెవరూ లేరన్నాడట. ఇంటి గడప దగ్గర్నుంచీ గీతమీదే పాకుతూ వచ్చిన మనిషి మరి. గీతతోపాటు తన ఆనవాళ్ళు కూడా తుడుచుకుంటూ వస్తున్నానని ఆయనకు తోచలేదు.

పద తల్లీ ఇంటికి అంటాడనుకుంది. అనలేదు. తలెత్తి, తలుపు సందులోని ఆ బెత్తెడు ముఖాన్ని చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆయన గొంతు వణకడం వినలేదు. ఇప్పుడు విన్నది.

"నువ్వైనా గుర్తుపట్టావా, అమ్మా?"

లేదు అంటే సరిపోతుంది. ఒక్క మాట. ఆ తర్వాత ఈ భూమ్మీద ఈ మనిషి ఎవరో చెప్పేవాళ్ళు ఉండరు, మంచం కోడు సంగతి తెలిసినవాళ్ళూ ఉండరు. ఆ సంగతి ఆయనకూ అర్థమైనట్టే ఉంది, ఊపిరి బిగపట్టి చూస్తున్నాడు. ఆమె చెయ్యి గొలుసు మీదే ఉంది.

"నువ్వు మా అన్నవి," అంది. గొలుసు మాత్రం తియ్యలేదు. "లోపలికి రావద్దు."